వియ్యపురాలి కొళాయి

ఆవిడని ఆఫీసులో అందరూ బుడగమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా మేడమ్. వెనక మాత్రం గదులు ఊడ్చే మనిషి దగ్గర్నుంచి పెద్దసారు దాకా అందరికీ బుడగమ్మే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినట్టు కనపడదు, అంతే.

పేరుకి కారణం లేకపోలేదు. నీటి సరఫరా సంస్థ ప్రయోగశాలలో ఆవిడ ఉద్యోగం. కొళాయిల దగ్గరికి వెళ్ళి చిన్న గాజు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి పరీక్ష చేయాలి. సీసా నిండా నీళ్ళే ఉండాలి, ఆవగింజంత గాలి కూడా మిగలకూడదు. ఆవిడ వెతికే సరుకు కుదురు లేనిది. కాస్త గాలి సందు దొరికితే చాలు, నీళ్ళను వదిలి అందులోకి చేరిపోతుంది, యంత్రం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకని మూత బిగించి, సీసాను తలకిందులు చేసి, గోటితో టకటకా కొట్టి, వెలుతురుకి పట్టి చూస్తుంది. బుడగ కనపడిందా, పారబోసి మళ్ళీ మొదటికి. అల్లుణ్ణి కూడా ఇలాగే తలకిందులు చేసి చూసుకుని ఉంటుందని ఆఫీసులో ఒక వేళాకోళం.

ఇంతకీ ఆ సరుకేమిటో చెప్పకపోతే కథ నడవదు. నీళ్ళలో క్రిములు చావాలని క్లోరిన్ కలుపుతారు. క్రిములు చస్తాయి, సంతోషం. కానీ జలాశయంలో ఆకులూ అలములూ కుళ్ళి కరిగిన పసరు కొంత నీళ్ళలో ఉండనే ఉంటుంది. క్లోరిన్ ఊరుకోదు, దానితో కూడా చెయ్యి కలుపుతుంది. ఆ కలయికలో పుట్టేవాటికి పుస్తకాల్లో నోరు తిరగని పేర్లున్నాయి. ప్రయోగశాలలో వాటిని ముద్దుగా క్లోరిన్ పిల్లలు అంటారు. ఏళ్ళ తరబడి మోతాదు మించి తాగితే పెద్ద జబ్బులు తేవచ్చని కొందరి అనుమానం, కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదేమోనని మరికొందరి అనుమానం. పూర్తి రుజువు ఎవరి చేతిలోనూ లేదు. అందుకే ఒక దేశం లీటరుకి ఎనభై మైక్రోగ్రాముల దగ్గర గీత గీసింది, ఇంకోచోట వంద దగ్గర గీశారు, కొన్నిచోట్ల అసలు గీయనే లేదు. బుడగమ్మ ఉద్యోగం చేసేచోట గీత వంద. పోనీ ఈ గొడవంతా ఎందుకు, క్లోరిన్ మానేద్దామా అంటే, వారం తిరక్కుండా వీధులకి వీధులు ఆసుపత్రి వరండాల్లో పడుకుంటాయి. ఆవిడ బతుకంతా ఈ రెండు భయాల మధ్య గీత మీద నడకే.

నీళ్ళు గొట్టంలో ఎంతసేపు నిలవ ఉంటే క్లోరిన్ పిల్లలు అంతగా పెరుగుతాయి. కాబట్టి పరీక్షకి గొట్టం ఆగిపోయేచోట ఉన్న ఆఖరి ఇంటిని ఎంచుకుంటారు. అక్కడ గీత దాటకపోతే వెనకున్న ఇళ్ళన్నీ క్షేమమే. బుడగమ్మ వాటాకి వచ్చిన ఆఖరి ఇల్లు ఒక ఇరుకు వీధి కొసన ఉంది. ముందు మెట్లు, మెట్ల పక్కన పెరట్లోకి సందు, వంటింటి గోడకి బయటవైపు కొళాయి. మూడు నెలలకోసారి ఆవిడ ఆ సందులోకి వెళ్ళి సీసాలు పట్టుకునేది.

ఆ ఇంటావిడ బుడగమ్మని మొదటిసారే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రెండోసారి కాఫీ ఇచ్చింది. మూడోసారి వాళ్ళబ్బాయి సీసాల పెట్టె మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు, పెట్టెను తిరగబడకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. బుడగమ్మ అది చూసింది. ఆవిడకో కూతురుంది. మీకు అర్థమయ్యే ఉంటుంది. కొళాయి దగ్గర కుదిరిన సంబంధమని రెండు వైపులవాళ్ళూ నవ్వుకుంటూ పెళ్ళి చేశారు. బంధుత్వం కలిసింది కదా, ఆ ఇంటి పరీక్ష ఇంకెవరికైనా ఇవ్వమని బుడగమ్మ పెద్దసారుని అడిగితే, "నీళ్ళకి చుట్టరికాలేంటి మేడమ్" అని ఆయన కొట్టిపారేశాడు.

చుట్టరికం నీళ్ళకి లేకపోవచ్చు. నీళ్ళు వదిలేవాళ్ళకి ఉంటుంది.

పెళ్ళయి మూడేళ్ళయింది. ఇప్పుడు అమ్మాయికి ఆరో నెల. ఆ ఇంటి లెక్క ఎప్పుడు చూసినా ముప్ఫైల్లో ఉంటుంది, వంద ఎక్కడ, ముప్ఫై ఎనిమిదెక్కడ. ఆఖరి ఇంట్లోనే ఇంత తక్కువ ఉంటే భయమేముందని ఆ లెక్కలు చూసే కిందటేడు క్లోరిన్ మోతాదు కూడా కొంచెం పెంచారు. అల్లుడు సీసా నీళ్ళు కొనితెస్తానంటే బుడగమ్మే ఆపింది. "మీ ఇంటి కొళాయి నీళ్ళు నేను స్వయంగా చూస్తున్నాను. కళ్ళు మూసుకుని తాగమనండి దాన్ని" అంది. అమ్మ మాట మీద అమ్మాయి కళ్ళు మూసుకునే తాగుతోంది.

ఆ విడత కూడా మామూలుగానే ముందురోజు ఫోన్ చేసింది. ఇంటివాళ్ళకి ముందు చెప్పి వెళ్ళాలన్నది నియమం. తాళం కప్పలకి మొహం చూపించి తిరిగొచ్చిన రోజులు ఎక్కువై పెట్టుకున్న నియమం అది. వెళ్ళింది. వీధి ఎప్పటిలాగే తడితడిగా, కడిగిన పళ్ళెంలా ఉంది. ప్రతి ఇంటి ముందూ తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఎంత శుభ్రమైన వీధో, కూతురు మంచిచోట పడిందని ఎప్పటిలాగే సంబరపడింది. నియమం ప్రకారం కొళాయి అయిదు నిమిషాలు వదిలి, రెండు సీసాలు పట్టి, కాఫీ తాగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున చూస్తే ఒక సీసాలో బుడగ. పట్టినప్పుడు లేదు, దారిలో మూత వదులైనట్టుంది. లెక్కకి రెండు సీసాలూ కావాలి. ఇంకొకరైతే ఉన్నదానితో కానిచ్చేవారు. బుడగమ్మ కదా, భోజనాల వేళకి ఒక్క సీసా సంచిలో వేసుకుని బయల్దేరింది. కూతురి ఇల్లే, దీనికి కూడా ఫోనెందుకనుకుంది.

వీధి పొడిగా ఉంది. తీగలన్నీ ఖాళీ. వియ్యపురాలు బజారుకి వెళ్ళింది, అమ్మాయి నిద్రకళ్ళతో తలుపు తీసింది. బుడగమ్మ కొళాయి విప్పితే నీళ్ళ వాసన ముక్కుకి కొత్తగా తగిలింది. ఎండకేమోలే అనుకుని, నియమం ప్రకారం అయిదు నిమిషాలు వదిలి సీసా పట్టింది. ఈలోగా అమ్మాయి అదే కొళాయి కింద పెద్ద గ్లాసు పెట్టి నింపుకుని, గుక్క తిప్పుకోకుండా తాగి, చీర చెంగుతో మూతి తుడుచుకుంది.

"నెమ్మదిగా తాగు తల్లీ."

"దాహం తీరడం లేదమ్మా. రోజంతా తాగుతూనే ఉన్నా. నీ మనవరాలు చేపేమో."

నవ్వుకుంటూ వచ్చేసింది.

ప్రయోగశాలలో యంత్రం పని తీరిగ్గా ఉంటుంది. తెర మీద ఒక గీత నేలబారుగా పాకుతూ పోయి, సరుకు తగిలినచోట ముల్లులా లేస్తుంది. ముల్లు ఎంత ఎత్తుంటే సరుకు అంత. ముందురోజు మంచి సీసా ముప్ఫై ఎనిమిది చూపించింది. తర్వాత ఈరోజు సీసా పెట్టింది. గీత పాకింది, పాకింది, లేచింది. లేచి ఆగలేదు. నూట ఇరవై ఆరు.

బుడగమ్మ ముందు యంత్రాన్ని తిట్టింది. తర్వాత తనని తిట్టుకుంది. ఏ సీసా కడగడంలోనో పొరపాటు జరిగిందనుకుంది. తెలిసిన మోతాదు కలిపి ఉంచుకున్న నీళ్ళు పెట్టి యంత్రాన్ని పరీక్షించింది. ఎంత చెప్పాలో అంతే చెప్పింది, ఒక్క పిసరు అటూ ఇటూ లేదు. ఒకే కొళాయి, ఒకే గొట్టం, మధ్యలో ఒక్క రాత్రి. నీళ్ళకి ఒక్క రాత్రిలో ఇంత వయసెలా వచ్చింది? ఆలోచిస్తుంటే ఎందుకో పొడిగా ఉన్న ఆ వీధి, దుప్పట్లు లేని ఆ తీగలు కళ్ళ ముందు కదిలాయి. ఫోన్ తీసి అమ్మాయికి కలిపింది.

"నిన్న పొద్దున నేను రాకముందు మీ ఇంట్లో నీళ్ళేం చేశారు?"

అమ్మాయి కిలకిలా నవ్వింది. "నీళ్ళేం చేస్తారమ్మా, నువ్వొచ్చే రోజు మాకు ఉతుకుడు పండగ కదా! అత్తయ్య తెల్లారకుండానే కొళాయి వదిలేస్తుంది. వదిన వస్తోంది, ఆవిడ సీసాలోకి నిలవ నీళ్ళు పడితే మన పరువేం కావాలి అంటుంది. వీధిలో అందరికీ చెప్పి వాళ్ళ కొళాయిలూ విప్పిస్తుంది. నీళ్ళెందుకు పోవాలని అందరూ దుప్పట్లు తడిపేస్తారు. నీకు చెప్పలేదా ఎప్పుడూ?"

ఆవగింజంత బుడగని వెతికి పట్టుకునే మనిషికి వీధి వీధంతా నీళ్ళు కారుతుంటే కనపడలేదు. కనపడకేం, కనపడింది. శుభ్రమైన వీధని మురిసిపోయింది కూడా. తెల్లారుజాము నుంచి వీధంతా నీళ్ళు వదిలితే గొట్టంలోని ముసలి నీళ్ళన్నీ పోయి, శుద్ధి కేంద్రం నుంచి అప్పుడే బయల్దేరిన పసినీళ్ళు వచ్చి నిలుచుంటాయి. మూడేళ్ళుగా ఆవిడ సీసాల్లోకి పట్టింది ఆ నీళ్ళనే. మిగిలిన రోజులన్నీ కూతురు తాగింది వేరే నీళ్ళు.

"అమ్మా? ఉన్నావా? ఏమైంది?"

"ఏం లేదు. ఇవాళ్టి నుంచి తాగే నీళ్ళు మరిగించి తాగు. గిన్నె మీద మూత పెట్టకు, కిటికీ తీసి ఉంచు. ఎక్కువసేపు మరగనియ్యి."

"ఎందుకు?"

బుడగమ్మ నీళ్ళు నమిలింది. చెప్పక తప్పలేదు, చెప్పింది. "అత్తయ్యకి మాత్రం చెప్పకమ్మా" అంది అమ్మాయి. "తన చేతుల మీదుగా జరిగిందని తెలిస్తే అన్నం ముట్టదు."

పెద్దసారు చెడ్డవాడేం కాదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా పదవీ విరమణ దాకా చేరిపోవాలన్నదే ఆయన ఒకే ఒక్క కోరిక. కుర్చీ వెనక్కి వాల్చి అంతా విన్నాడు.

"చెప్పకుండా వెళ్ళి పట్టినది లెక్కలోకి రాదు మేడమ్. నియమం మీకు తెలిసిందే. మళ్ళీ చెప్పి వెళ్ళి పట్టండి."

"పడతాను. ఇదే వస్తే?"

"వస్తే రానివ్వండి. చూసేది నాలుగు విడతల సగటేగా. మూడు ముప్ఫై ఎనిమిదులు, ఒక నూట ఇరవై ఆరు. సగటు అరవై. గీత వంద. ఇంకేం, హాయిగా కూర్చోండి."

"ఆ మూడూ తప్పు సార్!"

"తప్పని ఎవరంటారు? వాటి మీద సంతకం మీదే." ఆయన గొంతులో వెక్కిరింపు లేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. "నీళ్ళు వదిలిన మనిషి వచ్చి, నేనే వదిలాను, ప్రతిసారీ వదిలాను అని రాసిస్తే ఆ మూడూ కొట్టేయచ్చు. కొట్టేస్తే సగటు గీత దాటుతుంది, దాటితే పైవాళ్ళు మోతాదు తగ్గించి తీరాలి, గొట్టం చివర నిలవ నీళ్ళు వదిలే కవాటం పెట్టి తీరాలి. నాకూ అదే మంచిది. కానీ రాసిచ్చేది మీ వియ్యపురాలు. అడగగలరా?"

అడగగలదా? ఆ రెండు రోజులూ బుడగమ్మకి పాలుపోలేదు. అన్నం ముందు కూర్చుంటే గ్లాసులో నీళ్ళు కనపడేవి, నీళ్ళు కనపడితే గుక్క తిప్పుకోకుండా తాగుతున్న కూతురు కనపడేది. అమ్మాయిని చూసే డాక్టరమ్మని ఫోన్‌లో అడిగింది. నీళ్ళవల్ల ఏమైనా అవుతుందని చెప్పలేను, ఏమీ కాదనీ చెప్పలేను, ఇప్పటికి పిల్ల బాగానే ఎదుగుతోంది, మీరు కంగారుపడి ఆ అమ్మాయిని కంగారుపెట్టకండి అంది డాక్టరమ్మ. అంతా విన్నాక బుడగమ్మ కంగారు రెట్టింపైంది. కూతురు వద్దందని ఊరుకుంటే ఆ వీధిలో ఎందరు కడుపుతో ఉన్నారో, ఎందరు పాలపిల్లల తల్లులున్నారో! మూడో రోజు వియ్యపురాలి గుమ్మం ఎక్కింది.

వియ్యపురాలు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎవరు గుమ్మం తొక్కినా ముందు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి తర్వాతే ఎవరు నువ్వని అడిగే రకం. బుడగమ్మకీ గ్లాసు ఇచ్చింది. బుడగమ్మ గ్లాసు పట్టుకుని తాగకుండా మొదలుపెట్టింది. గొట్టం గురించి, నిలవ నీళ్ళ గురించి, మూడు పాత లెక్కల గురించి చెప్పింది. చెబుతున్నంతసేపూ కత్తి చప్పుడు ఆగలేదు. రాసివ్వాలి అన్న మాట దగ్గర ఆగింది.

"అంటే వదినగారూ, మీరు మా ఇంటికొచ్చినరోజు నేను పాచినీళ్ళు పెట్టి ఉండాల్సిందంటారు."

"అది కాదు వదినగారూ..."

"మీ ఆఫీసువాళ్ళు ముందు ఫోన్ చేసి చెప్తే, వచ్చే మనిషికి మంచి నీళ్ళివ్వాలని నేను తెల్లారకుండా లేస్తే, అది నా తప్పు. నా కోడలికి నేను విషం పోశానని నా చేత్తో నేనే రాసివ్వాలి."

"విషమని ఎవరన్నారండీ? కొంచెం ఎక్కువుంది, తగ్గించాలి, అంతే. మీరు రాసిస్తేనే తగ్గిస్తారు." బుడగమ్మ అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. "అందాకా పిల్లని మా ఇంటికి పంపించండి. మా పేటకి వేరే గొట్టం."

వియ్యపురాలు ఒంటికాలి మీద లేచింది. "పిల్లని తీసుకెళ్ళిపోతారా? వీధిలోవాళ్ళు ఏమనుకోవాలి? ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగించడం చేతకాలేదు, తల్లి వచ్చి తీసుకుపోయిందని చెప్పుకోవాలా?"

పక్కగదిలోంచి అమ్మాయి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేనెక్కడికీ రానమ్మా" అంది. "నేనొస్తే అత్తయ్యదే తప్పయినట్టవుతుంది." తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మీరు కూడా అమ్మని అలా అనకండి అత్తయ్యా. భయమేసి అలా మాట్లాడుతోంది."

"నాకు వెయ్యదా భయం?" అంది వియ్యపురాలు. అని కత్తి అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. బుడగమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉంది. తాగితే ఒక తంటా, తాగకపోతే ఒక తంటా. చివరికి తాగేసింది. తాగకుండా కింద పెట్టే ధైర్యం ఆవిడకి ఆ ఇంట్లో లేదు.

ఆ తర్వాత ఇంటికీ ఇంటికీ మధ్య మాటల్లేవు. అమ్మాయి ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడేది. మరిగించే తాగుతున్నాను, అత్తయ్య చూస్తోంది కానీ ఏమీ అనడం లేదు, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. ఒకరోజు పిల్ల కదలడం లేదనిపించి అమ్మాయి హడలిపోయి ఫోన్ చేసింది. బుడగమ్మ ఆటో దొరక్క సగం దారి పరుగెత్తింది. వెళ్ళేసరికి పిల్ల కదిలింది, అమ్మాయి నవ్వుతోంది, వియ్యపురాలు గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. ఆవిడా వీధి మలుపుదాకా పరుగెత్తి బండి కోసం చూసి వచ్చిందట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో కుర్చీలో కూలబడ్డారు. ఎవరూ మంచినీళ్ళు అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

చెప్పి పట్టాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ముందురోజు నియమం ప్రకారం వియ్యపురాలికి ఫోన్ చేసింది.

"నీటి పరీక్షకి రేపు వస్తున్నామండీ" అంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు.

"సరే" అని అవతల పెట్టేశారు. సరే అంటే ఏమిటి? కొళాయి కట్టేస్తుందా, పంతానికి ఇంకో గంట ముందే లేచి వదిలేస్తుందా? వదిలేస్తే బుడగమ్మ చేసేదేమీ లేదు. మళ్ళీ ముప్ఫై ఎనిమిది వస్తుంది, సంతకం పెట్టాలి, ఇంకో మూడు నెలలు. ఈలోగా పిల్ల పుట్టేస్తుంది.

ఆటో వీధి మలుపు తిరుగుతుంటే బుడగమ్మ కళ్ళు ముందు తీగల కోసం వెతికాయి. ఒక్క దుప్పటి లేదు. వీధి దుమ్ము దుమ్ముగా, ఊడ్చినవాళ్ళు కూడా లేనట్టు ఉంది. మూడో ఇంటావిడ ఉతకని బట్టల మూట ముందేసుకుని మెట్ల మీద కూర్చుని బుడగమ్మ వైపు కొరకొరా చూసింది. ఎదురింటాయన తలుపు ధడాలున మూశాడు.

సందులో కొళాయి పక్కన ముక్కాలి పీట వేసుకుని, చేతులు కట్టుకుని, కాపలా మనిషిలా వియ్యపురాలు కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. వంటింట్లో రాత్రి గిన్నెలు అలాగే ఉన్నాయి.

"తెల్లారకుండానే లేచాను" అంది. "ఇంటింటికీ వెళ్ళి కొళాయిలు విప్పొద్దన్నాను. అలవాటైపోయి అందరూ ఉతుకుడికి దిగబోయారు. ఇద్దరు తిట్టారు. మూడో ఇంటావిడ ఇంక నా గుమ్మం తొక్కనంది." ఎన్నడూ లేనిది ఆ గట్టి గొంతు సన్నబడింది. "రాత్రి నుంచి చుక్క పోనివ్వలేదు. మీ కోసం నిలవ నీళ్ళు దాచి ఉంచాను వదినగారూ."

బుడగమ్మ కొళాయి అయిదు నిమిషాలు వదిలింది. ఆ వాసన సందంతా అలుముకుంది. సీసా పట్టి మూత బిగించింది, కంగారులో బిగువు చాలలేదు. తలకిందులు చేసి వెలుతురుకి పట్టింది. కళ్ళలో నీళ్ళు అడ్డొచ్చి ఏమీ కనపడలేదు.

"అదిగో, బుడగ" అంది వియ్యపురాలు, పక్కనుంచి వేలు చూపిస్తూ.

పారబోసి మళ్ళీ పట్టింది. ఈసారి ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూశారు. బుడగ లేదు. రెండో సీసా కూడా అయ్యాక వియ్యపురాలు అడిగింది.

"ఒక్క మాట చెప్పండి వదినగారూ. ఇందులో ఎక్కువ రావాలని కోరుకుంటున్నారా, తక్కువ రావాలనా?"

బుడగమ్మ సీసాలు పెట్టెలో సర్దుకుంది. జవాబు చెప్పకుండానే ఆటో ఎక్కింది.

ప్రయోగశాలలో యంత్రం ముందు కూర్చున్నాక ఆవిడకి జవాబు తెలిసింది. ఇన్నాళ్ళూ ఎక్కువే వస్తుందని పెద్దసారుతో వాదించింది, వియ్యపురాలితో తగువు పడింది, ఎక్కువ వస్తేనే ఆ వీధికి మేలని నమ్మింది. గీత పాకడం మొదలుపెట్టాక మాత్రం ఆవిడ గుండె ఇంకొకటే అడిగింది. తక్కువ రావాలి. నేను పిచ్చిదాన్ని కావాలి, ఆరోజు సీసా తప్పు కావాలి, ఆఫీసంతా నన్ను చూసి నవ్వాలి. నా కూతురు తాగింది మంచి నీళ్ళే కావాలి. చేతులు జోడించి కూర్చుంది, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా చూసుకోలేదు.

ముల్లు లేచింది. నూట ముప్ఫై ఒకటి. రెండో సీసా నూట ఇరవై తొమ్మిది.

మొహం కడుక్కుని వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఒక్క మోతకే అవతల ఎత్తారు. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టుంది.

"ఎంత?"

"నూట ముప్ఫై."

అవతల వెనక ఎక్కడో మూత లేని గిన్నెలో నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"పిల్లకేం కాదుగా వదినగారూ?"

ఏం కాదని అనేయచ్చు. ఆవిడ స్థానంలో ఎవరున్నా అనేసేవారు. మూడేళ్ళుగా ఆవిడా అదే అంటూ వచ్చింది. "తెలీదు వదినగారూ" అంది బుడగమ్మ. "ఎవరికీ తెలీదు. నాకూ భయంగానే ఉంది."

"ఊఁ" అంది వియ్యపురాలు. ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినపడింది. "రాసిచ్చే కాగితం ఏదో తీసుకురండి. నేనే వదిలానని రాస్తాను, వీధంతా వదిలించానని రాస్తాను. నా పేరే రాయండి, ఇంటి నంబరు కూడా. మోతాదు తగ్గించేదాకా ఆ పెద్దసారుని కూర్చోనివ్వకండి."

"రేపు తెస్తాను. పొద్దున ఫోన్ చేసి..."

"ఫోనెందుకు?" వియ్యపురాలి పాత గొంతు తిరిగొచ్చింది, కాకపోతే కొంచెం బొంగురుగా. "ఇంక మీరెప్పుడూ ఫోన్ చేసి రావద్దు వదినగారూ. చెప్పకుండా రండి."